నాన్న స్కూటర్ చప్పుడు

నిన్న సాయంత్రం మా ఆఫీసు సెల్లార్‌లో ఎవరో పాత స్కూటర్‌ను ఒక పక్కకు వంచి కిక్కు కొట్టారు. ఆ ఆయిలు పొగ ముక్కుకు తగలగానే కారు డోరు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మీ ఇంట్లోనూ ఉండేది కదా అలాంటి బండి? చిన్నప్పుడు ముందు నిలబడితే గడ్డం హ్యాండిల్‌కు ఆనేది. డిక్కీలో ప్లగ్గు పానా, నల్లబడిన బనీను గుడ్డ.

జీడిమెట్లలో మాది కిరాయి ఇల్లు. నానమ్మ దినాలు అయిపోయిన రోజు, చుట్టాలను ఆ బండి మీదే బస్టాండులో దింపి వచ్చిన నాన్న, వాకిట్లో స్టాండ్ వేసి ఎక్సలేటర్ ఇస్తూనే ఉన్నాడు. అందరి ముందూ ఆయన కన్ను తడవలేదు. నేను వెళ్లబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాన్న బండి బాగు చేస్తుండు. అటు పోకు బిడ్డా."

ఆ చప్పుడు అడుగున ఇంకో చప్పుడు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఎర్రటి కళ్లతో లోపలికి వచ్చి, "కండ్లల్ల పొగ పడ్డది" అన్నాడు. అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

ఆ నాన్న పోయి నెల దాటింది. "మగపిల్లగానివి, నువ్వే గట్టిగుండాలె. అమ్మను చూసుకోవాలె" అని అందరూ భుజం తట్టి వెళ్లారు. గట్టిగానే ఉన్నాను. మీటింగుల్లో నవ్వుతున్నాను కూడా.

నిన్న కార్లో కూర్చుని అద్దాలు ఎక్కించాను. ఏడుపు ఇక ఆగేలా లేదు. పక్క కారు దగ్గర మా టీమువాళ్లు మాట్లాడుకుంటున్నారు. కాలు ఎక్సలేటర్ మీదికి వెళ్లింది.

నాది ఎలక్ట్రిక్ కారు. ఎంత తొక్కినా చప్పుడు చేయదు.