నురగకీ నాకూ పడని రోజులు

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్యాసైన ప్రతివాళ్ళకీ లోకమంతా తమ మాట కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుందన్న భ్రమ ఒకటి ఉండేది. నాకు అది కాస్త ఎక్కువ మోతాదులోనే ఉండేది. రాయ్‌పూర్‌లో, భన్‌పురిలోని ఒక చిన్న వేపనూనె మందుల ఫ్యాక్టరీలో చేరగానే అది వదిలింది. వదిలించినవారు మా సేఠ్‌జీ. మనిషి చాలా మంచివారు (ఆ మంచితనమే నా ప్రాణం తోడేసింది).

మా మందు పైరు మీద చల్లేది. నూనె నీళ్ళలో కలవదు కనుక సబ్బులాంటి ద్రవం ఒకటి వేస్తారు. సరైన సబ్బు పడితే నూనె కంటికి కనిపించనంత సన్నటి చుక్కలుగా విడిపోయి, సీసా తేనెలా తేటగా నిలుస్తుంది. పడకపోతే కొద్ది రోజులకే విరిగి స్ప్రే పంపు మూతి పూడుకుపోతుంది. అలా విరిగిన సీసాలు దగ్గర్లోని ధర్సీవా ఊరి దుకాణాల నుంచి తిరిగొచ్చి మా గోడౌన్‌లో గుట్ట పడ్డాయి. సబ్బు మార్చక తప్పలేదు. రెండు రకాలు వచ్చాయి. ఒకటి సేఠ్‌జీ బావమరిది తెచ్చింది, ఇంకొకటి బయటివాళ్ళది. సేఠ్‌జీ రెండూ అరచేతుల్లో వేసుకుని రుద్దారు. బావమరిది సబ్బు మోచేతుల దాకా నురగ కట్టింది. "బస్, యహీ చలేగా! ఇదే ఖాయం" అన్నారు. నురగకీ దీనికీ సంబంధం లేదు, ఏది పనికొస్తుందో కొలిచి ముందే చెప్పేయొచ్చు అని నేను నోరు జారాను. "అయితే చెప్పు బిటియా. నీ మాట నిజమైతే పర్మనెంట్. కాకపోతే పాపం, వేరే నౌకరీ చూసుకో" అన్నారు, నాకు చాయ్ తెప్పిస్తూ. ఇంట్లో నాన్నేమో, ఈ సబ్బుల కొలువు మానేసి రైల్వే పరీక్షలకి కూర్చోమని అప్పటికే పోరు పెడుతున్నారు. ఈ ఉద్యోగం పోతే ఆయన మాటే గెలుస్తుంది.

గాజు గొట్టాల్లో నూనె, నీళ్ళు, సబ్బు పోసి, ఒక్కో గొట్టంలో ఉప్పు కొంచెం కొంచెం పెంచుతూ బల్ల మీద వరసగా నిలబెట్టాను. కదపకుండా వదిలేస్తే ఎక్కడో ఒక గొట్టంలో నూనెకీ నీళ్ళకీ మధ్య మూడో పొర తేలుతుంది. అది ఎంత ఉప్పు దగ్గర తేలిందో చూస్తే, ఆ సబ్బు మా బోరు నీళ్ళతో సర్దుకుంటుందో లేదో తెలిసిపోతుంది. చెయ్యాల్సిన పనల్లా ముట్టుకోకుండా ఉండటమే. ఆ ఒక్కటే ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ చేతకాలేదు. పొద్దున్నే సేఠ్‌జీ వచ్చి "అరే బిటియా, యే తో ఫట్ గయా!" (విరిగిన పాలని అనే మాటే) అంటూ, పాపం కుర్రపిల్ల పని చెడిపోయిందని జాలిపడి, గొట్టాలన్నీ తీసి గలగలా కుదిపి పెట్టేవారు. "కుదపకండి సేఠ్‌జీ, ఆ పొరే నాక్కావాలి" అని నేను మొత్తుకుంటే, "విరిగినదాంతో నీకేం పనమ్మా?" అని చాలా దయగా అడిగేవారు. నేను పళ్ళు నూరుకుంటూ గొట్టాలు మళ్ళీ వరసగా నిలబెట్టేదాన్ని.

చివరికి గొట్టాలు ముట్టుకోనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఊపిరి పీల్చుకున్నానో లేదో, విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు యంత్రాలన్నిటినీ కడిగి బొట్టు పెడతారు. నేను వెళ్ళేసరికి నా గొట్టాలన్నీ ఖాళీ! తళతళా తోమి బోర్లించి, మీద బంతిపూలు కూడా పెట్టారు. తలతన్యత కొలిచే మిషనుకి వేలాడే ప్లాటినం ఉంగరం ఉంటుంది. వేలిముద్ర పడినా కొలత తప్పే ఆ ఉంగరానికి నూనెలో కలిపిన సిందూరం నిండుగా పూశారు. "నీ మిషన్‌కి స్పెషల్‌గా పెట్టించా" అని సేఠ్‌జీ మురిసిపోయారు. నాకు ఆ బంతిపూలన్నీ పీకి ఆయన నెత్తిన పోయాలనిపించింది.

ఇంకొన్నాళ్ళు గడువు అడిగి, ఈసారి గొట్టాలన్నీ మా రైల్వే క్వార్టర్‌కి మోసుకెళ్ళాను. "ఏటే ఇయ్యి? ఊరికే నిలబెట్టడానికేనా నిన్ను ఎమ్మెస్సీ చదివించింది?" అంది అమ్మ. విసుక్కుంటూనే అల్మారీ పైన చోటు చేసి, "ఎవళ్ళూ హాత్ పెట్టకండి, దాని నౌకరీ అందులోనే ఉంది" అని ఇల్లంతా కట్టడి చేసింది. మూడో పొర తేలింది. బయటివాళ్ళ సబ్బుకి మా బోరు నీళ్ళ ఉప్పు దగ్గరే తేలింది. బావమరిది సబ్బుకి ఎక్కడో సముద్రమంత ఉప్పు దగ్గర.

బయటివాళ్ళ సబ్బే నిలుస్తుందని చెప్పాను. సేఠ్‌జీ రెండు సబ్బులతోనూ మందు చేయించి సీసాలు ఎండలో పెట్టించారు. నురగ సబ్బు సీసా తెల్లగా విరిగింది. నేను చెప్పింది తేటగా నిలిచింది. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చాలాసేపు చూశారు. ముఖమంతా నవ్వు విచ్చుకుంది. ఆయన అందరినీ పిలిచి, "దేఖో, విశ్వకర్మా బాబా కీ కృపా! పూజ అంత శ్రద్ధగా చేశాం కనకే బిటియా మాట నిజమైంది. రేపట్నుంచే పర్మనెంట్!" అని ప్రకటించి నా చేతిలో పెడాల మిఠాయి పొట్లం పెట్టారు.

టెంపోలో దారి పొడుగునా ఏడుస్తూనే ఇంటికొచ్చాను. అమ్మ హడలిపోయింది. "పోయిందేటే నౌకరీ?"

"వచ్చింది!" అని ఇంకా గట్టిగా ఏడ్చాను. "నాక్కాదమ్మా, ఆ సిందూరానికి ఇచ్చాడు!"

అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "జీతం నీకే ఇస్తాడు కదే" అని పొట్లం విప్పి ఇరుగుపొరుగుకి పంచడానికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నా కొలతల్ని మెచ్చుకున్నవాళ్ళు చాలామందే తగిలారు. అచ్చుతప్పు లేని మాటలతో, సరైన కారణాలతో మెచ్చుకున్నారు. అయినా ఎందుకో, తేట సీసాని ఎత్తి పట్టుకుని అంత సంతోషంగా నవ్విన ముఖం మాత్రం మళ్ళీ చూడలేదు. టెంపోలో ఏడ్చిన ఆనాటి ఆ పిల్ల ఇప్పుడు నాకెక్కడైనా ఎదురుపడితే, కోపం తర్వాత పడుదువుగాని, ముందు ఒక పెడా నోట్లో వేసుకో అని చెబుతాను. వినదనుకోండి.