కొసరు దెబ్బ

కొసరు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పాట అయిపోతుంటే చూస్తూ ఊరుకోలేడు. పటాలం బ్యాండులో ఇరవైమందీ ఆపేసి, ఆఖరి బ్యూగిల్ స్వరం ఒక్కటే గాలిలో మిగిలి, అదీ ఆగబోయే క్షణంలో వెనక వరసలోంచి పెద్ద డ్రమ్ము మీద ఇంకొక్కటి పడేది. ఢాం. తూకం అయ్యాక కూరగాయలామె సంచిలో నాలుగు మిరపకాయలు విసిరినట్టు. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

ఆ దెబ్బ పడేది సరిగ్గా బుగ్గలు ప్రాణం మీద. బుగ్గలంటే బాబాయి ముందు నిలబడి బ్యూగిల్ ఊదే సిపాయి. ఆ ఆఖరి స్వరం అతనిది. గుక్క తిప్పుకోకుండా, కళ్ళు తేలేసి, స్వరాన్ని అంత ఎత్తున నిలబెట్టి, ఇక మెత్తగా దించుదామనుకునేసరికి ఢాం. పాయసంలో ఈగ పడ్డట్టుండేది.

బ్యాండు మాస్టరు వేసే శిక్ష కూడా ఒక్కటే. డ్రమ్ము పొట్టకు కట్టుకుని మైదానం చుట్టూ ఆరు చుట్లు. రెండేళ్ళు పరిగెత్తించినా బాబాయి బొజ్జ తగ్గలేదు, దెబ్బా తగ్గలేదు. ఎందుకు కొట్టావని అడిగితే ఓరోజు చెయ్యి జారిందనేవాడు, ఓరోజు తుమ్మొచ్చిందనేవాడు. డ్రమ్ము మీద దోమ వాలిందని చెప్పిన రోజు మాస్టరు పన్నెండు చుట్లు తిప్పించాడు.

ఇంతలో పెద్దాఫీసరు తనిఖీ వచ్చిపడింది. బ్యూగిల్ వాళ్ళు నలుగురెందుకు, ఒకణ్ణి తీసి స్టోరుకు పంపుతారని కబురు. స్టోరంటే పొద్దస్తమానం బూట్లను జతలు జతలుగా తాడుతో కట్టడం. బుగ్గలుకు ముచ్చెమటలు పోశాయి. అప్పటికే మామగారికి ఉత్తరం రాసేశాడు, ఆఖరి స్వరం తనదేనని. ఆయన దాన్ని వీధి వీధంతా చదివి వినిపించాడు. ఇప్పుడు బూట్లు కడుతున్నానని ఏ మొహంతో రాయడం?

తిన్నగా మాస్టరు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు. బాబాయే అయినా, తనే అయినా, ఇద్దరిలో ఒకరే ఈ బ్యాండులో ఉండాలన్నంత దూరం వెళ్ళాడు. మాస్టరుకూ ఓపిక నశించింది. తనిఖీకి రెండు రోజుల ముందు సాధనలో, ఆఖరి స్వరం మొదలవగానే ఆయనే వెనక్కి పరిగెత్తి బాబాయి చేతిలోని డ్రమ్ము కర్రను రెండు చేతులా వాటేసుకున్నాడు.

రెండేళ్ళలో మొదటిసారి ఢాం పడలేదు. పడని చోట అందరికీ ఇంకోటి వినిపించింది. పీక నొక్కిన కోడిపెట్ట అరుపు.

ఎవరిదా అని బుగ్గలు కూడా చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. మాస్టరు కర్ర వదిలేసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

బాబాయి నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే బుగ్గలు వెళ్ళి నిలదీశాడు.

"రోజూ ఇలాగే కూస్తోందా?"

"ఏవో పండగ రోజుల్లో మానేస్తుందనుకున్నా. అప్పుడూ మానలేదు. నీ మెడ వెనక నరం ఒకటి లేస్తుందిరా. అది లేచిందంటే కోడి వచ్చేస్తున్నట్టే."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా బాబాయ్. రెండేళ్ళు పరిగెత్తావు."

"చెబితే ఆ భయానికి పాట మొదట్లోనే కూసేవాడివి. పాటంతటికీ అడ్డం కొట్టడానికి నాకెన్ని చేతులున్నాయి?"

బుగ్గలుకు ఏడవాలో ఆయన్ని నల్లా కింద ముంచాలో తెలియలేదు. ఆ రెండు రోజులూ చాకిరేవు వెనక ఇద్దరూ కూర్చున్నారు. భుజాలు దించు, గాలంతా ముందే తగలెయ్యకు, కొంత దాచుకో అని బాబాయి పోరుపెట్టాడు. బ్యూగిల్ జన్మలో ముట్టని మనిషి చెప్పే పాఠాలకు బుగ్గలుకు ఒళ్ళు మండింది కానీ, మానలేదు.

తనిఖీ రోజున మాస్టరు బాబాయికి ముందే చెప్పాడు. ఢాం అన్నావా, ఈ ఏడు నీకు సెలవు లేదు.

పాట ఆగింది. బుగ్గలు ఒంటరిగా స్వరం ఎత్తాడు. ఎండ వెనక నుంచి పడుతోంది. ఎదురుగా నేల మీద తన నీడ, దాని పైన మెల్లగా లేస్తున్న కర్ర నీడ. సెలవు పోతే పోయిందని ముసలాడు కర్ర ఎత్తేశాడు. బుగ్గలు భుజాలు దించాడు. దాచిన గాలి అందుకుంది. స్వరం సన్నగా, నున్నగా వచ్చి ఆగింది. కోడి కూయలేదు. కర్ర నీడ కాసేపు అలాగే ఉండి దిగిపోయింది.

పెద్దాఫీసరు తల ఊపాడు. పక్కకు తిరగబోయాడు.

ఢాం.

ఆఫీసరు ఉలిక్కిపడి ఇదేమిటన్నాడు. మా బ్యాండు పద్ధతండీ అన్నాడు మాస్టరు. బాగుంది, ఉంచండన్నాడు ఆఫీసరు. నలుగురు బ్యూగిల్ వాళ్ళూ మిగిలారు.

పద్ధతైనా సరే, సెలవూ పోయింది, ఆరు చుట్లూ తప్పలేదు. సాయంత్రం బాబాయి డ్రమ్ముతో రొప్పుతూ పరిగెడుతుంటే, బుగ్గలు దానికి ఒక పక్క భుజం ఆనించి, పళ్ళు నూరుకుంటూ కూడా పరిగెత్తాడు.

"ఇవాళ కూయలేదు కదా బాబాయ్. ఇంకెందుకు కొట్టి చచ్చావు?"

"కూయలేదనే కొట్టానురా."