రంగు పోయినా మిగిలిన విషం

నీళ్ళక్క కోపం సంగతి వినాలంటే ముందు కుర్చీ గట్టిగా పట్టుకోవాలి. ఒకసారి ఆవిడ బల్ల గుద్దితే గోడగడియారం నిన్నటికి వెళ్ళిపోయింది. నమ్మనివాళ్ళు వచ్చి బల్లకున్న సొట్ట చూసుకోవచ్చు.

నదినీళ్ళు పరీక్షించడం ఆవిడ ఉద్యోగం. అద్దకాల ఫ్యాక్టరీ దిగువన నదిలోనూ, ఊరి బోర్లలోనూ ఏళ్ళ తరబడి సీసాల్లో నీళ్ళు పట్టి, అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కించేది. విషం తేలిన గడికి ఎరుపు పూసేది. ఫ్యాక్టరీ మీద కేసు నడుస్తుంటే, ఎక్కడైనా తెరుచుకునే సాదా ఫైలు కావాలని కోర్టు అడిగితే అలాగే మార్చి పంపింది. సాదా ఫైలు అంకెల్ని మోస్తుంది గానీ రంగుల్ని మోయదు. ఎరుపంతా ఎగిరిపోయింది. విషం ఏ వరసలో ఉందో తెలియక కేసు వాయిదా పడింది. బల్లకు సొట్ట పడింది ఆ రోజే.

మళ్ళీ కూర్చుని, ఎర్రగడి ఉన్న ప్రతి వరస చివరా ‘విషం’ అని అక్షరాల్లో రాసింది. ఎందుకైనా మంచిదని ఆ ఫైలు చుట్టాలందరి ఫోన్లకూ పంపింది. పెళ్ళిఫొటోలు కావని తెలిసి ఒక్కరూ తెరవలేదు.

వాయిదాకి ముందురోజు మధ్యాహ్నం ఫ్యాక్టరీ మనుషులు తలుపు పగలగొట్టుకుని వచ్చారు. ముందున్నది సొంత మరిది, చేతిలో ఇనపరాడ్డు.

“పక్కకి తప్పుకో వదినా!”

“ముందు ఆ రాడ్డు సరిగ్గా పట్టుకోరా, చీపురు పట్టుకున్నట్టున్నావు.”

మొదటి దెబ్బకి కంప్యూటర్ రెండు ముక్కలైంది. అడ్డుపడ్డ ఆవిడ ముంజేయి రెండో దెబ్బకి పుటుక్కుమంది. సీసాలు పగిలి నేలంతా నది పారింది. ఫ్యాక్టరీ మేస్త్రీ ఆవిడ జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు.

“ఇంకెక్కడ దాచావే?”

నీళ్ళక్క రక్తం ఉమ్మి నవ్వింది. “మా మరిది జేబులో.”

మరిది బిత్తరపోయి తన డొక్కు ఫోను తీసి నొక్కాడు. ఫైలు ఇట్టే తెరుచుకుంది. వాళ్ళ వీధి బోరు వరస చివర ‘విషం’. కూతురి కాళ్ళ మీద మానని పుళ్ళు గుర్తొచ్చాయి.

“పాప తాగేది ఈ నీళ్ళేనా వదినా?”

“మొన్ననే పంపాను కదరా, సన్నాసీ!”

“ఫోనిలా తే!” అంటూ మేస్త్రీ చెయ్యి చాపాడు. ఆ మణికట్టు మీదే మరిది రాడ్డు దిగింది. మిగతావాళ్ళు మరిది మీద పడి పళ్ళు రాలగొట్టారు, ఫోను తొక్కి పొడి చేశారు. కిటికీ అద్దాలు, మేస్త్రీ మోకాలు, వాళ్ళొచ్చిన జీపు దీపాలు అదే రాడ్డుకి వరసగా పగిలాక గానీ వాళ్ళు పరుగందుకోలేదు.

మర్నాడు కోర్టులో కట్టు కట్టిన చెయ్యీ, వాచిన మూతీ పక్కపక్కన కూర్చున్నాయి. చుట్టాల్లో ఓ పిన్ని ఫోన్లోంచి వెళ్ళిన ఫైలు అక్కడి పాత కంప్యూటర్‌లో తెరుచుకుంది. గుమస్తా వరసలు పైకి చదువుతున్నాడు.

“విషం... విషం... విషం...”

“గట్టిగా చదవండి సార్!” మరిది బోసినోటితో అరిచాడు.