నిమ్‌పురా అద్దాల షెడ్డులో రెండు ఎర్ర జెండాలు

మా తమ్ముడు శివ చెప్పింది నిజమో, మెషిన్ అమ్మినవాళ్ళు చెప్పింది నిజమో తేలక నేను ఖరగ్‌పూర్ బయలుదేరాను. విజయనగరంలో మాది అల్యూమినియం కిటికీల షాపు. ఈ మధ్య ఏసీ గదులకీ, రోడ్డు పక్క ఇళ్ళకీ అందరూ డబుల్ గ్లాస్ అడుగుతున్నారు. రెండు అద్దాల మధ్య అరంగుళం ఖాళీ వదిలి, అంచులు గట్టిగా మూసి ఒకే అద్దంగా చేస్తారు. బయట తెప్పించడం ఎందుకని చిన్న మెషిన్ కొన్నాం. రెండో వారమే అద్దాలని అదిమే ప్రెస్‌లో అద్దం ఇరుక్కుంది, అదే సమయానికి కరెంటు పోయింది. అద్దం తీద్దామని శివ చెయ్యి పెట్టాడు, ప్లేటు వచ్చి రెండు వేళ్ళు నొక్కేసింది. కరెంటు లేకుండా మెషిన్ కదలదు మేడమ్, మీవాడు స్విచ్ ఆపకుండానే పెట్టుంటాడు అన్నాడు వాళ్ళ టెక్నీషియన్. నేను అది నమ్మి పనివాళ్ళ ముందే తమ్ముణ్ణి తిట్టాను. "కరెంటు పోయాకే పెట్టానక్కా" అని వాడు ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. వేళ్ళు మానాయి, ఒకటి మాత్రం వంగదు. వాడు మళ్ళీ షాపు గుమ్మం తొక్కలేదు. మెషిన్ అమ్మేయాలా, వాణ్ణి బతిమాలి తెచ్చుకోవాలా అన్నది తేల్చుకోవాల్సింది నేనే.

ఖరగ్‌పూర్‌లో మా అమ్మ పెదనాన్న కొడుకు, గురువులు మావయ్య ఉన్నాడు. రైల్వేలో బోగీలు బాగుచేసే క్యారేజీ ఫిట్టరుగా రిటైరై, కోడలు పార్వతితో కలిసి నిమ్‌పురా వైపు షెడ్డులో సరిగ్గా ఇలాంటి మెషినే మూడేళ్ళుగా నడుపుతున్నాడు. ఇద్దరిలో ఎవరి చేతికీ చిన్న గీత కూడా పడలేదట. ఫోన్ చేస్తే "మాటల్తో ఏటి తెలుస్తాది, ఒచ్చి సూడు" అన్నాడు. స్లీపర్ టికెట్ నాలుగు వందల చిల్లర. సాయంత్రం విజయనగరంలో ఎక్కితే తెల్లవారి ఆరు దాటాక దిగాను. ఆ ప్లాట్‌ఫారం సంగతి ముందే చెబుతున్నాను. నా బోగీ చివర్న ఆగింది, బయటికొచ్చే దారి ఇంకో చివర్న ఉంది. పావుగంట నడిచాక ఇటేనా అని ఒకాయన్ని అడిగితే అటు అన్నాడు, అటు నడిచాక ఇంకొకాయన ఇటు అన్నాడు. చక్రాల సూట్‌కేసు తీసుకెళ్ళండి, చేతిసంచి వద్దు.

బయట టోటోలు వరసగా ఉంటాయి, అంటే మన ఈ-రిక్షాలు. నాకొచ్చిన హిందీ కూడబలుక్కుని నిమ్‌పురా జానా హై, పూరీ గేట్ సే జానా హై క్యా, కిత్నా లేతా హై, అంటే పూరీ గేట్ మీదుగా వెళ్ళాలా, ఎంత తీసుకుంటారు అని ఒక డ్రైవర్‌ని అడిగాను. ఆయన ఓపిగ్గా మొత్తం విని, "అమ్మా, మనూరి మాట మాట్లాడొచ్చు గదా, హిందీకి ఎందుకు శ్రమ" అన్నాడు. వాళ్ళ తాత పలాస నుంచి వచ్చాడట, ఈయన ఇక్కడే పుట్టాడు. వెనక సీట్లో కూర్చున్నాయన బెంగాలీలో ఏదో అడిగితే బెంగాలీలో, పోలీసుకి హిందీలో, నాకు మా నాయనమ్మ తెలుగులో జవాబిచ్చాడు. నేనే ఊళ్ళో దిగానో నాకే అనుమానం వచ్చింది. పూరీ గేట్ దాకా షేరింగులో ఇరవై, అక్కణ్ణుంచి నిమ్‌పురాకి విడిగా మాట్లాడుకుంటే ఎనభై. టిఫిన్ పూరీ గేట్ దగ్గరే తినండి. బండి మీద ఒకావిడ ఇడ్లీ మీద చట్నీ బదులు బఠాణీల ఘుగ్నీ పోసి ఇచ్చింది. ఇదేంటని అడిగితే, చట్నీ అయిపోనాది, తిను, బాగుంటాది అంది. బాగానే ఉంది, ముప్పై రూపాయలు.

షెడ్డు చేరేసరికి ఎనిమిదిన్నర. పక్కనే రైల్వే యార్డు, వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు వస్తూనే ఉంటుంది. మావయ్యకి డెబ్బైకి దగ్గర, బక్కగా, నడుం నిటారుగా ఉన్నాడు. పార్వతికి నా ఈడే ఉంటుంది. నన్ను అక్కా అని పిలిచి టీ ఇచ్చి, గాజులు తీసేయమంది. జుట్టు ముడేయమంది, చున్నీ విప్పి మేకుకి తగిలించమంది. అంతవరకూ అర్థమైంది, తర్వాతే అయోమయం మొదలైంది. అద్దం పట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోమంది. అద్దాన్ని కడిగే మెషిన్ దగ్గరికి వెళ్ళి తిరుగుతున్న రోలర్ వైపు చెయ్యి చాపబోతే గ్లవ్స్ తీసెయ్ అంది. కోసుకుంటుందని వేసుకోమన్నావు కదా అన్నాను. అద్దం కోస్తుంది అక్కా, రోలర్ లాగుతుంది, అసలా రోలర్ తిరుగుతున్నప్పుడు చెయ్యి చాపనే కూడదు అంది. నేను గ్లవ్స్ ఒక చేతికుంచుకుని ఒక చేతికి తీసి, రెండింటికీ పనికిరాకుండా నిలబడ్డాను.

నీళ్ళ సంగతీ అంతే. అద్దాన్ని ఉప్పు లేని నీళ్ళతో కడుగుతారు. కడిగాక వేడి గాలితో ఆరబెట్టి, ఒక్క చుక్క మిగిలినా పక్కన పెట్టేస్తారు. రెండు అద్దాల మధ్య ఉండే అల్యూమినియం పట్టీలో తేమ పీల్చే గుళికలు పోస్తారు. ఆ గుళికల డబ్బా మూత తీసి నేను చూస్తుంటే పార్వతి చటుక్కున మూసేసింది. గదిలో తేమంతా అవే తాగేస్తే రేపు అద్దం లోపల పొగమంచు పడుతుందట. పట్టీ అంచుకి వేడి వేడి నల్లటి బంక పూసి, రెండో అద్దం ఆనించి, ప్రెస్‌లో పెడతారు. ప్రెస్ అంటే నిలబెట్టిన రెండు ఇనుప పలకలు. ఒకటి కదలదు, రెండోది కంప్రెసర్ గాలితో వచ్చి దానికి ఆనుకుంటుంది. మెషిన్ దింపాక మావయ్య మూడు రోజులు కరెంటే ఇవ్వలేదట. నేల మట్టం చూసుకోవడానికి ఒక రోజు, ఎర్తింగ్‌కి ఒక రోజు, ఎమర్జెన్సీ బటన్ ఎక్కడ నిలబడితే చేతికి అందుతుందో చూసుకోవడానికి ఒక రోజు. మేము దింపిన రోజు సాయంత్రానికే కొబ్బరికాయ కొట్టి నడిపించాం. ఆ మాట అక్కడ చెప్పడానికి సిగ్గేసింది.

పదకొండు గంటలకి ఇది చదివే మీకోసమే ఫొటోలు తీద్దామని ప్రెస్ ముందుకొచ్చాను. స్విచ్ బోర్డు పక్కన ఇసక పోసిన డబ్బాలో ఎర్ర జెండా ఒకటి గుచ్చి ఉంది. ప్రెస్ వెనక వైపు ఇంకొకటి కనిపించింది. యూనియన్ వాళ్ళవేమో, లేకపోతే విశ్వకర్మ పూజకి కట్టినవి మిగిలాయేమో అనుకున్నాను. ముందున్నది ఫొటోకి అడ్డంగా ఉందని పీకి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫొటోలు తీసుకుంటున్నాను. పార్వతి కడిగిన అద్దం స్టాండులో పెట్టి వచ్చింది. డబ్బాలో జెండా లేదు. ఆమె చెయ్యి ప్రెస్ నడిపే ఆకుపచ్చ బటన్ దాకా వెళ్ళి ఆగింది. డబ్బా వైపు చూసి, నా చేతి వైపు చూసింది.

"అది మావ నీ సేతికిచ్చినారా అక్కా?" అంది.

లేదు, ఫొటోకి అడ్డుగా ఉందని తీశానన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, మావా ఎక్కడున్నారని గట్టిగా పిలిచింది. లోపలే ఉన్నానని ప్రెస్ పలకల వెనక నుంచి గొంతు వినిపించింది. ఆయన భుజం దాకా లోపల పెట్టి రబ్బరు పట్టీలు తుడుస్తున్నాడు. పని పూర్తిచేసుకుని, తీరిగ్గా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఆ జెండాని మళ్ళీ ఇసకలో నా చేతే గుచ్చించాడు.

"యార్డుల బండి కింద దూరినపుడు రెండు పక్కలా జెండా పాతీవోళ్ళం. ఎవుడు పాతినాడో ఆడే తియ్యాల. తీసి డ్రైవరు సేతికియ్యాల. జెండా నేదని బండి తియ్యకూడదు, సేతికొచ్చిందని తియ్యాల" అన్నాడు. నేను క్షమించమని గొణిగితే, ప్రెస్ మెయిన్ స్విచ్ తాళంచెవి తన జేబులోనే ఉందని, గాలి కూడా వదిలేశానని, కాబట్టి పార్వతి నొక్కినా ఏమీ అయ్యేది కాదని అన్నాడు. "అయినా జెండా జెండాయే. ఓ రోజు తాళం మర్సిపోతాను. ఆ రోజుకి జెండా ఉండాల."

గాలి వదిలేయడం అంటే నాకు అర్థం కాలేదు. కరెంటు ఆపేశాక గాలితో పనేముందని అడిగాను. మీ తమ్ముడి సెయ్యి ఎలా నలిగినాదని ఆయన తిరిగి అడిగాడు. ఆ రోజు జరిగింది చెప్పాను. స్విచ్ ఆపకుండా పెట్టుంటాడని టెక్నీషియన్ అన్నాడని, తమ్ముడేమో కరెంటు పోయాకే అంటాడని, కరెంటు లేని మెషిన్ ఎలా కదులుతుందో ఎవరూ నాకు చెప్పలేకపోయారని అన్నాను. మావయ్య అన్నాలు తిన్నాక చూపిస్తానన్నాడు. అన్నం, చారు, గసగసాలు నూరి వేసిన ఆలూ పోస్తో పెట్టారు. రుచి ఎలా ఉందో చెప్పలేను, అంతా ఆ గాలి మీదే ధ్యాస.

తిన్నాక ప్రెస్ పలకల మధ్య ఒక కర్రదిమ్మ పెట్టి, పలకని దాని మీదికి తెచ్చి ఆపాడు. ఇరుక్కున్న అద్దం అనుకో అన్నాడు. మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేశాడు. ప్రెస్ మీది దీపాలారిపోయాయి, మోటారు చప్పుడు లేదు. నా కళ్ళకి అది చచ్చిన మెషినే. మా ఇద్దరినీ పది అడుగులు వెనక్కి నెట్టి, తనూ పక్కకి జరిగి, పొడవాటి ఇనుప కడ్డీతో కర్రదిమ్మని ఒక్క పోటు పొడిచాడు. దిమ్మ జారి బయటపడింది, ఆ క్షణమే పలక వచ్చి రెండోదానికి ధడేలుమని కొట్టుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. కరెంటు లేదు, తాళంచెవి ఆయన చేతిలో ఉంది, మెషిన్ కదిలింది. ఆయన గోడ మీద గాలి ఒత్తిడి చూపే గేజీ వైపు వేలు చూపించాడు. ముల్లు ఆరు మీద నిలబడి ఉంది. తర్వాత కింద పసుపు వాల్వు తిప్పాడు, బుస్సుమని గాలంతా పోయి ముల్లు సున్నాకి దిగింది. పలకని చేత్తో వెనక్కి నెట్టి, దిమ్మ మళ్ళీ పెట్టి, మళ్ళీ పొడిచాడు. ఈసారి దిమ్మ కింద పడింది, పలక కదల్లేదు.

"కరెంటు పోతే గాలి పోదమ్మా. మీవోడు అబద్దం ఆడనేదు" అన్నాడు.

షెడ్డు బయటికొచ్చి యార్డు గోడ పక్కన నిలబడి శివకి ఫోన్ చేశాను. హలో అన్నాడు. ఏం చెప్పాలో రిహార్సల్ చేసుకున్నదంతా మర్చిపోయాను. నువ్వు చెప్పిందే నిజంరా, కరెంటు పోయాకే కదిలింది, నా కళ్ళతో చూశాను, పనివాళ్ళందరి ముందు నిన్ను తిట్టాను, తప్పు నీది కాదని వాళ్ళ ముందే చెబుతాను అన్నాను. "ఆ రోజు గేజీ చూశావా అని నన్ను ఎవరూ అడగలేదక్కా. అది అక్కడుందనే నాకు తెలీదు" అన్నాడు. నాకూ తెలీదన్నాను. ఎప్పుడొస్తున్నావని అడిగాడు. నాలుగు నెలల తర్వాత వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆ రాత్రి తాల్‌బగీచాలో మావయ్య వాళ్ళింట్లో ఉండి, పొద్దున బండికి వచ్చేశాను. ఇప్పటికీ నాకు ఈ మెషిన్‌లో అర్థం కానివి బోలెడున్నాయి. గ్లవ్స్ ఎప్పుడు వేసుకోవాలో గోడ మీద రాసి పెట్టుకున్నాం, అయినా తడబడుతూనే ఉంటాను. అమ్మినవాళ్ళు పుస్తకం ఇచ్చారు, శిక్షణ అని ఒక పూట వచ్చారు. వాళ్ళకి తెలియదని అనను, కానీ నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు, ఆ రెండింటి మధ్య ఇరుక్కున్నది తమ్ముడి చెయ్యి. మీరు ఇలాంటి మెషిన్ చూడటానికి వెళితే ఒక్కటి చేయండి. నడిపించి చూపించమని అందరూ అడుగుతారు, మీరు ఆపి చూపించమనండి. కరెంటు ఆపాక గేజీ ముల్లు ఎక్కడుందో చూడండి, గాలి వదిలే వాల్వు ఎక్కడుందో, దానికి తాళం వేయడం ఎలాగో చూపించలేకపోతే కొనకుండా వచ్చేయండి. వచ్చేటప్పుడు మావయ్య తన పాత జెండాలు రెండూ మడిచి నా సంచిలో పెట్టాడు. నిన్న మా షాపులో ప్రెస్‌కి రెండు పక్కలా అవి గుచ్చి ఉన్నాయి. లోపల శివ తుడుస్తున్నాడు. నేను, పనివాళ్ళు అందరం చేతులు వీపు వెనక కట్టుకుని నిలబడ్డాం. వాడు బయటికొచ్చి, రెండు జెండాలూ తీసి, వంగని వేలితో కలిపి పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాక బటన్ నొక్కాను.