బావగారు టిక్కు పెట్టిన నల్లపిట్ట

అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో ఉండే మా బావగారికి పక్షుల మీద పక్షపాతం లేదు. ఏ పిట్టనైనా ఒక్కసారి చూసి, నోట్‌బుక్‌లో టిక్కు పెట్టి, "చూసేశాం, పదండి" అనేవారు. పెళ్లిచూపుల్లో మా అక్కయ్యనూ అలాగే చూశారని మా ఇంట్లో అనుమానం.

ఎనభైల మొదట్లో హవాయి వెళ్లినప్పుడు ఆయన టేప్‌రికార్డర్ మోసే ఉద్యోగం నాకు దక్కింది. కవాయ్ దీవిలో, కొండమీది చిత్తడి అడవిలో, 'ఓఓ' అనే నల్లపిట్టలు ఒకటో రెండో మిగిలాయట. క్యాసెట్‌లో వాటి పాట వినిపిస్తే జోడీ అనుకుని పిట్ట వస్తుందని బావగారి ఉపాయం.

"నొక్కవోయ్!" అన్నారు. నొక్కాను.

పిట్ట వచ్చింది. నల్లటి ఒళ్లు, తొడల మీద పసుపు ఈకలు. మా పెట్టె చుట్టూ కొమ్మకొమ్మకూ ఎగురుతూ వేణువులాంటి గొంతుతో పాడి, బదులు కోసం ఆగింది. మళ్లీ పాడింది. చివరికి పొదల్లోకి వెళ్లిపోయింది.

"పాపం, జోడీని వెతుక్కుంటోంది బావగారూ. ఇక ఆపేద్దాం."

"ఉండవోయ్, తడికి పెన్ను రాయట్లేదు. చూస్తూండగా టిక్కు పెడితేనే లెక్క. ఇంకోసారి నొక్కు."

నొక్కాను. పిట్ట అంతే ఆశగా తిరిగొచ్చింది. ఈసారి పెన్ను రాసింది.

"చూసేశాం, పదండి!"

వెనక అది పాడుతూనే ఉంది.

కొన్నేళ్లకు అక్కయ్య ఇంట్లో భోజనాల దగ్గర ఎవరో, ఆ పిట్ట గొంతు ఇప్పుడెక్కడా వినబడటం లేదన్నారు.

బావగారి మొహం వెలిగిపోయింది. "మనం చూసేశాం కదా! ఆ క్యాసెట్ పెట్టవోయ్, అందరూ వింటారు."

ఆయన్ను ఇంతసేపూ ఆడిపోసుకున్నాను గానీ, మూడోసారి కూడా నొక్కింది నా వేలే.