దేవి ముందు పెట్టిన సంచి

మా అన్నయ్య ఫ్లెక్సీ వేయించాడు. అందులో సైనిక దుస్తుల్లో మా బాబాయి, పక్కన మా ఇంటి కత్తి, కింద 'మా వంశ వీరుడు' అని ఎర్రటి అక్షరాలు. బాబాయి సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి దసరా ఇది. ఆయన సర్జరీ సంచిని ఆయుధపూజలో కత్తి పక్కన పెట్టి, ఊరి నాయకుడి చేత హారతి ఇప్పిస్తాడట. ఆ మాట విన్నప్పటినుంచి నా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ మావి. ఇప్పుడు మిగిలింది సగం కూలిన లోగిలి, ఆ కత్తి. వంశమంటే నాకు చిన్నచూపు లేదు. నాన్నగారు నేర్పినట్టు ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా కుర్చీకి వీపు ఆనించి కూర్చోను. అయితే ఆ కత్తి ఎవరినైనా కాపాడినట్టు మా ఇంట్లో ఒక్క కథ కూడా లేదు.

బాబాయి ప్రభుత్వాసుపత్రిలో సర్జన్. సైన్యంలో రిజర్వు అధికారి కూడా. ఏటా కొన్నాళ్ళు శిక్షణకి వెళ్ళేవాడు. పిలుపు వస్తే ఉన్నపళంగా సరిహద్దు ఆసుపత్రికి బయలుదేరేవాడు. నాన్నగారికి అది నామోషీ.

"మనింట్లో పుట్టి ఎవడికో సెల్యూట్ కొడతావేట్రా?" అనేవారు.

"కొట్టించుకుంటాను కూడా అన్నయ్యా," అని బాబాయి నవ్వేవాడు.

పిలుపు ఎప్పుడైనా రావచ్చని సంచి సర్ది గుమ్మం పక్కన ఉంచడం ఆయన అలవాటు. చిన్న కత్తులు, కత్తెరలు, గొట్టాలు ఉడకబెట్టి శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉండేవి. ఉద్యోగం అయిపోయాక, రిజర్వు వయసు దాటాక కూడా ఆ సంచి గుమ్మం దగ్గరే ఉండేది. మా వీధిగదిలో రోగుల్ని చూసేవాడు. "నేను పోయాక దీన్ని పటం కింద పెట్టి పువ్వులెయ్యకండి. పనిచేసే చేతికివ్వు," అని నాకు చెప్పాడు. ఊరికే చెప్పలేదు.

కొన్నేళ్ళ కిందటి దసరాలో, బాబాయి స్నానానికి వెళ్ళినప్పుడు, అమ్మ ఆ సంచి విప్పింది. పరికరాలన్నిటికీ పసుపు రాసి, కుంకం పెట్టి, దేవి ముందు కత్తి పక్కన పేర్చింది. ప్రేమతోనే చేసింది. పూజలో పెట్టిన ఆయుధాన్ని దశమి నాడు జమ్మిచెట్టుకి మొక్కి వచ్చేదాకా కదపకూడదన్నది మా ఇంటి ఆనవాయితీ. సర్జన్ కత్తికి సెలవుండదని ఆమెకు తట్టలేదు.

అంతలో ఒక జాలరి తన భార్యని ఆటోలో తెచ్చాడు. తాటితోపులో కందిరీగలు కుట్టి ఆమె మొహం, గొంతు వాచిపోయాయి. పెదాలు నల్లబడుతున్నాయి. ఆదివారం కావడంతో అరసవల్లి సూర్యదేవుడి గుడికి వచ్చిన జనంతో ఆటోలు, బస్సులు ఇరుక్కుపోయి అంబులెన్సు ఎక్కడో ఆగిపోయింది.

"ఊపిరాడ్డం నేదు డాట్రుబాబూ! ఏటోటి సెయ్యి!" అని అతను గుమ్మంలో కూలబడ్డాడు.

బాబాయి చెయ్యి సంచి కోసం గోడవైపు వెళ్ళింది. అక్కడ సంచి లేదు. దేవుడి గది గుమ్మానికి అడ్డంగా నాన్నగారు నిలబడ్డారు.

"అమ్మవారి ముందున్నది తీస్తే వంశానికి అరిష్టం. రేపటిదాకా ఆగు."

"ఆవిడకి రేపు లేదన్నయ్యా. తప్పుకో."

నాన్నగారు తప్పుకోలేదు. బాబాయి ఆయన్ని భుజంతో పక్కకి నెట్టి, కాళ్ళ చెప్పులతోనే లోపలికెళ్ళాడు. చిన్న కత్తి మీది కుంకం స్పిరిట్‌తో కడిగాడు. "తల కదలనివ్వకురా," అన్నాడు. నేను ఆమె తల పట్టుకున్నాను. గొంతు మీద చిన్న కోత, అందులో గొట్టం. ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది. నల్లబడ్డ పెదాలకి రంగు తిరిగింది. మా వంశంలో ఏ ఆయుధమైనా చేసిన ఘనకార్యం అదొక్కటే.

మా ఇల్లు ఏం చేసింది? ఆ సాయంత్రం పంతుల్ని పిలిపించి గదికి సంప్రోక్షణ చేయించింది. ఇక మన వంశపు కత్తి ముట్టొద్దని నాన్నగారు తమ్ముడికి చెప్పారు. ఆ తరవాత ఏ దసరాకీ ఆయన్ని పూజకి పిలవలేదు, నాన్నగారు పోయాక కూడా. పండగపూట విస్తరి వీధిగదికి వెళ్ళేది. ఒక్కడే తినేవాడు. అన్నయ్య ఒక్కసారి కూడా ఆ గది గడప తొక్కలేదు. ఇప్పుడు వంశ వీరుడట!

ఆ జాలరి భార్య మాత్రం ప్రతి దసరాకీ వచ్చి బాబాయికి దండం పెట్టి వెళ్ళేది. ఈసారీ వచ్చింది. నాయకుడి కారుకి చోటు కావాలని అన్నయ్య ఆమెను గేటు దగ్గరే ఆపాడు.

"పెద్దమనుషులొస్తన్నారు, తరవాత రా."

ఆమె గొంతు మచ్చ తడుముకుంది. "సచ్చిపోతన్నానంటే ఆగమన్నారు, బతికొస్తే ఆగమంటన్నారు. ఆగమండం తప్ప మీ ఇంటికి ఇంకేటీ రాదా బాబూ?"

అన్నయ్య మొహం కందిపోయింది. నేను ఆగలేదు. తిన్నగా దేవుడి గదిలోకి నడిచాను.

"చెప్పులు! ఒరే, చెప్పులిప్పు!" వెనక అన్నయ్య అరుపు.

"బాబాయి ఇప్పాడా?" అన్నాను.

కత్తి పక్కన పసుపు కుంకాలు పెట్టి పేర్చిన పరికరాలన్నీ సంచిలో వేసుకున్నాను. బయట కారు హారన్ మోగుతోంది. హారతికి ఏం మిగిలిందని అన్నయ్య అడిగాడు. కత్తి ఉంది కదా, ఎప్పుడూ దానికే ఇచ్చారుగా అన్నాను. గేటు నేనే తీసి ఆమెను వీధిగదిలోకి తీసుకొచ్చి, బాబాయి కుర్చీలో కూర్చోబెట్టాను.

బాబాయి దగ్గర పని నేర్చుకున్న డాక్టరమ్మ ఒకామె కొత్తవలసలో ఉంది. ఆమెకి ఫోన్ చేశాను. సంచి రేపు ఆమె చేతికి వెళుతుంది. పసుపు కుంకాలతో మాత్రం పంపను. ఆ చేపలామె కబుర్లు చెబుతుంటే ఒక్కొక్క పరికరాన్నీ స్పిరిట్‌తో తుడుస్తూ కూర్చున్నాను. కత్తెర కీలులో కుంకం గట్టిగా పట్టేసింది. ఎంత రుద్దినా గుడ్డ ఇంకా ఎర్రగానే వస్తోంది.