చెల్లెలి కవితల కేసెట్టు

రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన గంగులమ్మ, కువైట్‌లో జాబ్రియాలో గిజెలా ఇంట్లో పనిచేసేది. యజమానురాలిని అక్కడి పనివాళ్ల అలవాటు ప్రకారం మామా అని పిలిచేది. గిజెలా జర్మనీ మనిషి, కువైటీ డాక్టరు భార్య. ఆవిడ దేశాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో గోడ కట్టారు. గిజెలా ఇవతల పడింది, చెల్లెలు అవతల చిక్కుకుంది.

ఆ చెల్లెలు కవితలు రాసేది. గోడ గురించి, దాటనివ్వని ఏరు గురించి. అక్కడి సర్కారు ఒక్కటీ అచ్చు కానివ్వలేదు. సోదా చేస్తారన్న భయంతో ఆమె కాగితాలన్నీ కాల్చేసింది. కాల్చేముందు పైకి చదివి కేసెట్టులో రికార్డు చేసి, దాని మీద డాన్సు పాటలని రాసి, ముసలివాళ్లను సరిహద్దు దాటనిస్తారు కాబట్టి ఒక ముసలావిడ చేత పంపింది. అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు. గిజెలా వంటింట్లో కూర్చుని రోజూ దాన్ని విని ఏడ్చేది.

మనవాళ్ల కేసెట్ల సంగతి వేరు. ఇంటినుంచి వచ్చింది వినడం, దాని మీదే మాట్లాడి వెనక్కి పంపడం. పాతవి తీసుకోమని గిజెలా ఎప్పుడో చెప్పింది కూడా. అన్నిసార్లు విన్నది ఇంకెందుకనుకుని, గంగులమ్మ ఆ కేసెట్టు మీదే ఒక పక్క నిండా కూతురు రెడ్డెమ్మతో మాట్లాడి, ఊరికి పోతున్న లాల్ బాషా చేతికిచ్చింది. ఏ సర్కారుకూ చేతకాని పని మన మహాతల్లి ఒక్క మీట నొక్కి చేసేసింది. అదీ ప్రేమతోనే, ఏమని తిట్టను?

పది రోజులకు చెల్లెలు జబ్బుచేసి పోయిందని ఉత్తరం వచ్చింది. గిజెలా కేసెట్టు కోసం ఇల్లంతా వెతికింది. సంగతి తెలిసి గంగులమ్మ ఆవిడ కాళ్ల మీద పడింది. వచ్చీరాని అరబ్బీలో, రెండో పక్క తాను ముట్టుకోలేదని చెప్పింది. ఆ ఒక్క ఆశతో, రెండో పక్క ముట్టుకోవద్దని ఊరికి టెలిగ్రాం కొట్టించారు.

టెలిగ్రాం చేరకముందే ఊళ్లో కేసెట్టు నిండిపోయింది. తిరిగొచ్చాక ఇద్దరూ కూర్చుని విన్నారు. రెడ్డెమ్మ గొంతు.

"అమా, రెండో పక్క ఎవురో ఆడమనిషి తెలీని మాటలు సదవతా ఉన్న్యాది. నీకు సెప్పాల్సినవి శానా ఉండాయని దాని మీదనే మాట్లాడినా."

గిజెలా తిట్టలేదు. గంగులమ్మను అడిగింది, చెల్లెలి మాట ఒక్కటైనా గుర్తుందా అని.

"అర్థంకాని మాటలు, యాడ గుర్తుంటాయి మామా? నడిమధ్యలో దగ్గేది. ఆ దగ్గొకటే గుర్తుండాది."

అని, సన్నగా రెండుసార్లు దగ్గి చూపించింది.

గిజెలా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇంకోసారి దగ్గమంది.